మేకప్ టెస్టర్లు: కొనేముందు శుభ్రంగా రాసి చూసే పద్ధతులు

లిప్‌స్టిక్, ఫౌండేషన్, కాజల్ వంటివి కొనేముందు ఒంటికి రాసి చూసుకోవడానికి దుకాణంలో మూత తీసి ఉంచే వస్తువును టెస్టర్ అంటారు. డబ్బా మీది బొమ్మను బట్టి రంగు మనకు నప్పుతుందో లేదో తేల్చుకోలేం. రాసుకుంటే గాని అసలు సంగతి బయటపడదు కాబట్టి టెస్టర్ అవసరం కాదనలేనిది. అయితే దాన్ని రోజంతా ఎందరో తాకుతారు. ఒకరి పెదవిని, ఇంకొకరి కనురెప్పను, మరొకరి మొటిమను అంటుకున్న పుల్ల తిరిగి అదే డబ్బాలోకి వెళ్తుంది. టెస్టర్లు ఎలా వచ్చాయో, వాటిలో పరిశోధకులకు ఏం దొరికిందో, శుభ్రంగా రాసి చూసే దారులు ఏవో, ఆ దారులు ఎంతవరకు కాపాడతాయో ఈ వ్యాసం వివరిస్తుంది. వీటన్నిటినీ కలిపే సూత్రం ఒకటుంది: డబ్బాలోంచి బయటికి వచ్చిన పదార్థం గాని, దాన్ని తెచ్చిన పుల్ల గాని చర్మాన్ని తాకాక మళ్లీ ఆ డబ్బాను తాకకూడదు. ఈ ఒంటిదారి నియమాన్ని పాటించే ఏ పద్ధతైనా చాలావరకు సురక్షితమే. దీన్ని తప్పే పద్ధతిని ఎంత శానిటైజర్ చల్లినా నమ్మలేం.

టెస్టర్ పుట్టుక

సౌందర్య సాధనాలు చాలాకాలం అద్దాల బీరువాల వెనుకే ఉండేవి. అడిగితే అమ్మే మనిషి తీసి చూపించేది. 1909లో లండన్ ఆక్స్‌ఫర్డ్ వీధిలో హ్యారీ గార్డన్ సెల్ఫ్రిడ్జ్ తెరిచిన దుకాణం, సరుకును కొనేవారు చేత్తో పట్టుకుని చూసేలా బయట పరచడంతో పేరు తెచ్చుకుంది. అత్తర్లను, సౌందర్య సాధనాలను కింది అంతస్తులో అందరికీ కనిపించేలా పెట్టే అలవాటు ఇలాంటి పెద్ద దుకాణాల వల్లే పాతుకుపోయింది. ఫ్రాన్స్‌లోని లిమోజ్ పట్టణంలో 1970 ప్రాంతంలో పరిమళ ద్రవ్యాల దుకాణం పెట్టిన దొమినిక్ మాందొనో మరో అడుగు ముందుకు వేశాడు. కౌంటర్ అడ్డం లేకుండా, ఎవరికి వారే తీసుకుని రాసుకుని చూసే పద్ధతి తెచ్చాడు. తర్వాత సెఫోరా దుకాణాలకు ఇదే గుర్తింపు అయింది. 1997లో ఆ సంస్థను ఎల్‌వీఎంహెచ్ కొన్నది, 1998లో అది న్యూయార్క్‌లో అడుగుపెట్టింది, 2012లో భారతదేశానికి వచ్చింది. ఈ మార్పుతో కొనేవారికి స్వేచ్ఛ దొరికింది గాని, పుల్లను కనిపెట్టుకుని ఉండే మనిషి మాత్రం పక్కకు తప్పుకుంది. అంతకుముందు ఆమె శుభ్రత పాటించినా పాటించకపోయినా బాధ్యత ఎవరిదో తెలిసేది. స్వయంసేవ వచ్చాక ఆ బాధ్యత ఎవరికీ చెందకుండా పోయింది.

మన ఊళ్లలోని ఫ్యాన్సీ షాపుల్లో పరిస్థితి కొంచెం వేరు. అక్కడ ఇప్పటికీ అమ్మే మనిషి ఎదురుగానే ఉంటారు. నాలుగు షేడ్లు అడిగితే నాలుగు లిప్‌స్టిక్‌లతో చేతి వెనుక నాలుగు గీతలు గీసి చూపిస్తారు. చూడటానికి ఇది పెదవికి రాసుకోవడం కంటే మేలైన పద్ధతే. కానీ ఆ లిప్‌స్టిక్ కొసే పొద్దున్నుంచి ఎన్నో చేతులను తాకి ఉంటుంది. మధ్యలో దాన్ని తుడవకపోతే చేతి మీది సూక్ష్మజీవులు కొస మీదకు, అక్కడి నుంచి ఇంకో చేతికి, ఆ చేతి నుంచి కంటికో పెదవికో చేరతాయి. పెద్ద మాల్‌లోని వెలుగుల కౌంటర్‌కైనా, చిన్న కొట్టులోని అట్టపెట్టెకైనా వర్తించే లెక్క ఒకటే.

పరీక్షల్లో తేలినవి

టెస్టర్లలో ఏముందో చూడాలన్న ప్రయత్నం కొత్తదేమీ కాదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1989లో దుకాణాల టెస్టర్ల నుంచి నమూనాలు సేకరించి చూస్తే, వాటిలో 5 శాతానికి పైగా బూజులతో, రోగకారక క్రిములతో తీవ్రంగా కలుషితమై ఉన్నాయి. ఆ తర్వాత న్యూజెర్సీలోని రోవన్ విశ్వవిద్యాలయానికి చెందిన జీవశాస్త్రవేత్త ఎలిజబెత్ బ్రూక్స్ రెండేళ్లపాటు కౌంటర్ల టెస్టర్లను పరీక్షించారు. స్టాఫిలోకాకస్, స్ట్రెప్టోకాకస్, మలం ద్వారా వ్యాపించే ఈ.కోలి ఆమెకు దొరికాయి. రద్దీ ఎక్కువగా ఉండే శనివారాల్లో కాలుష్యం తారస్థాయికి చేరింది. దక్షిణ కొరియా వినియోగదారుల సంస్థ 2018లో 16 దుకాణాల నుంచి 42 టెస్టర్లను తెచ్చి చూస్తే 14 టెస్టర్లు, అంటే మూడింట ఒక వంతు, సూక్ష్మజీవుల ప్రమాణాలకు తగ్గట్టు లేవని తేలింది. మస్కారాల పరిస్థితి ఐషాడోల కంటే బాగా అధ్వానంగా ఉంది.

ఈ అంకెల మధ్య పెద్ద తేడా కనిపిస్తుంది. దానికి కారణం లెక్కించిన తీరే. ఒకరు తీవ్రంగా కలుషితమైనవాటిని మాత్రమే లెక్కించారు, ఇంకొకరు ఏ క్రిమి కనిపించినా లెక్కలోకి తీసుకున్నారు, మరొకరు ప్రమాణం దాటినవాటిని పట్టుకున్నారు. ఆ ప్రమాణం ఏమిటో కూడా తెలుసుకోవాలి. 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 17516 ప్రకారం సాధారణ సౌందర్య సాధనాల్లో గ్రాముకు 1,000 సూక్ష్మజీవుల వరకు ఉండవచ్చు. కంటి చుట్టూ వాడేవాటికి, మూడేళ్లలోపు పిల్లల వస్తువులకు ఆ హద్దు 100 మాత్రమే. స్టాఫిలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్ ఎరుగినోసా, ఈ.కోలి, కాండిడా ఆల్బికాన్స్ అనే నాలుగు మాత్రం ఒక్క గ్రాములో కూడా కనిపించకూడదు. అంటే పూర్తిగా క్రిమిరహితంగా ఉండాలని ఎవరూ కోరడం లేదు. మన చర్మం మీదే లక్షల క్రిములు కాపురముంటాయి. ఏ క్రిమి ఎంత మోతాదులో ఏ భాగానికి చేరిందన్నదే తేల్చుకోవలసిన విషయం.

ఇంగ్లండ్‌లోని ఆస్టన్ విశ్వవిద్యాలయంలో అమ్రీన్ బషీర్, పీటర్ లాంబర్ట్ చేసిన అధ్యయనం ఈ విషయంలో విలువైన ఆధారం. 2019లో వెలువడిన ఈ అధ్యయనానికి జనం వాడుతున్న 467 వస్తువులను తీసుకున్నారు. ఇవి దుకాణాల టెస్టర్లు కావు, ఇళ్లలో వాడుకుంటున్నవి. అయినా 79 నుంచి 90 శాతం వాటిలో బాక్టీరియా ఉంది. లిప్‌స్టిక్, మస్కారా వంటివాటిలో మిల్లీలీటరుకు వందల సంఖ్యలో ఉన్న క్రిములు, బ్యూటీ బ్లెండర్ అనే స్పాంజిలో సగటున పది లక్షలు దాటాయి. ఆ స్పాంజిల్లో 93 శాతాన్ని ఎన్నడూ కడగలేదు. 64 శాతం నేల మీద పడినా వాడుతూనే ఉన్నారు. ఒకరిద్దరు వాడే వస్తువే ఇలా ఉంటే దుకాణంలో అందరూ వాడేది ఇంకెలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అంతకంటే ముఖ్యమైన పాఠం మరొకటి ఉంది. డబ్బాలోని పదార్థం కంటే, దాన్ని చర్మానికి అద్దే సాధనమే ఎక్కువ క్రిములను మోసింది. శుభ్రత గురించి ఆలోచించేవారు ముందుగా పుల్ల మీద, బ్రష్ మీద, స్పాంజి మీద కన్నేయాలి.

క్రిములు ఎక్కడ నిలుస్తాయి, ఎక్కడ పెరుగుతాయి

సౌందర్య సాధనాలన్నీ ఒకే తీరున కలుషితం కావు. తేడా తెచ్చేది నీరు. మస్కారా, లిక్విడ్ ఐలైనర్, చాలా రకాల ఫౌండేషన్లు, క్రీములు నీరు కలిసినవి. వాటిలో పడిన బాక్టీరియా బతకడమే కాదు, సంరక్షక రసాయనం బలహీనపడితే పెరుగుతుంది కూడా. లిప్‌స్టిక్, కాంపాక్ట్, ఐషాడో పొడుల్లో నీరు దాదాపు ఉండదు కాబట్టి క్రిములు అక్కడ పెరగలేవు. కానీ వాటి పైపొర మీద కొంతసేపు బతికి, తర్వాత తాకినవారికి అంటుకోగలవు. నూనె, ఉప్పు, కారం దిట్టంగా ఉన్న ఆవకాయ ఏడాది నిలిచినా, జాడీలో తడి గరిటె పెట్టనివ్వరు. టెస్టర్ సంగతీ అంతే. తడి పెదవిని తాకిన పుల్ల, చెమట పట్టిన వేలు, కన్నీటి తేమ అంటిన బ్రష్ పొడి వస్తువులోకి కూడా నీటిని మోసుకొస్తాయి.

తయారీదారులు కలిపే పారాబెన్లు, ఫినాక్సీఇథనాల్ వంటి సంరక్షకాలు ఉండగా భయమెందుకన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. వాటి శక్తిని ఎలా కొలుస్తారో చూస్తే జవాబు దొరుకుతుంది. ఐఎస్‌ఓ 11930 అనే పరీక్షలో వస్తువులోకి కావాలనే క్రిములను వదిలి, అవి ఎంత తగ్గాయో ఏడో రోజున, పద్నాలుగో రోజున, ఇరవై ఎనిమిదో రోజున లెక్కిస్తారు. ఏడు రోజుల్లో బాక్టీరియా వెయ్యో వంతుకు పడిపోతే ఆ సంరక్షణ మేలైనదిగా లెక్క. ఇంట్లో ఒక్కరే వాడుకునే వస్తువుకు ఆ వేగం సరిపోతుంది. దుకాణంలో ఒకరు పెట్టిన పుల్లకు, తర్వాతివారు ముంచే పుల్లకు మధ్య దొరికే వ్యవధి కొన్ని నిమిషాలే. రోజుల లెక్కన పనిచేసే రక్షణ నిమిషాల రద్దీని ఆపలేదు. దీనికి ఎండాకాలం తోడైతే, నలభై డిగ్రీలు దాటే మన వేసవిలో ఏసీ లేని కొట్టు అద్దాల వెనుక ఉన్న క్రీము విరిగిపోతుంది, లిప్‌స్టిక్‌కు నూనె చెమట పడుతుంది, సంరక్షకం కూడా అనుకున్న తీరున పనిచేయదు.

రోగం అంటుకునే దారులు

ఎక్కువ జాగ్రత్త కావలసింది కంటికి. 1977లో అమెరికాలో లూయిస్ విల్సన్, డొనాల్డ్ అహర్న్ అనే పరిశోధకులు కలుషితమైన మస్కారాలకు, సూడోమోనాస్ వల్ల కార్నియా మీద ఏర్పడిన పుండ్లకు ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు. మస్కారా బ్రష్ కంటికి గీరుకుని చిన్న గాయమైతే చాలు, అందులోని బాక్టీరియా ఆ గాయంలోకి దిగుతుంది. సూడోమోనాస్ ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను తినేసి చూపును దెబ్బతీయగలదు. కంటికలకకు కారణమయ్యే అడినోవైరస్ పొడి ప్లాస్టిక్ మీద వారాల తరబడి బతుకుతుంది. 2023 వర్షాకాలంలో తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతటా కంటికలక చెలరేగినప్పుడు తువ్వాళ్లు, కాటుక పంచుకోవద్దని వైద్యులు చెప్పింది అందుకే. మన దగ్గర ఈ జ్ఞానం పాతదే. ట్రకోమా అనే కంటిజబ్బు వ్యాపించే దారుల్లో ఇంటిల్లిపాదీ ఒకే పుల్లతో కాటుక, సుర్మా పెట్టుకోవడం కూడా ఒకటని భారతీయ ప్రజారోగ్య గ్రంథాలు ఎప్పటినుంచో హెచ్చరిస్తున్నాయి. ప్రజారోగ్య సమస్యగా ట్రకోమాను భారతదేశం నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో గుర్తించింది. ఇంటి కాటుక విషయంలో నేర్చుకున్న ఈ పాఠాన్ని దుకాణంలో కాజల్ టెస్టర్ దగ్గర మరవడం విచారకరం.

పెదవుల విషయంలో ముఖ్యమైనది హెర్పిస్ సింప్లెక్స్ ఒకటో రకం వైరస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం 50 ఏళ్లలోపు వారిలో ఇంచుమించు మూడింట రెండు వంతుల మందిలో ఇది ఉంది. చాలామందిలో ఏ లక్షణమూ కనిపించదు. కొందరికి పెదవి అంచున నీటిపొక్కులు వస్తాయి. 1982లో వెలువడిన ఒక ప్రయోగంలో ఈ పొక్కుల వైరస్ ప్లాస్టిక్ మీద నాలుగు గంటల వరకు సజీవంగా ఉండగలదని తేలింది. వైరస్ బతికి ఉందంటే ప్రతివారికీ అంటుకుంటుందని అర్థం కాదు. ఎక్కువమందికి ఇది చిన్నతనంలోనే ముద్దుల ద్వారా, ఎంగిలి ద్వారా సోకుతుంది. అయినా నాలుగు గంటల్లో ఒక లిప్‌స్టిక్ టెస్టర్‌ను ఎంతమంది పెదవులకు రాసుకోగలరో ఆలోచిస్తే, నేరుగా పెదవికి రాయకూడదన్న నియమం అతిజాగ్రత్త అనిపించదు. ఇక చర్మం సంగతికొస్తే, గాయం లేని చర్మం గట్టి గోడ. మొటిమలు చిట్లినచోట, థ్రెడింగ్, వ్యాక్సింగ్ అప్పుడే చేయించుకున్నచోట, ఎగ్జిమా ఉన్నచోట ఆ గోడకు సందులుంటాయి. ఐబ్రోస్ చేయించుకుని నేరుగా మేకప్ కౌంటర్‌కు వెళ్లడం చాలామందికి అలవాటు. ఆ రోజు ముఖం మీద ఏదీ రాసి చూడకపోవడమే మంచిది.

వస్తువును బట్టి పద్ధతి

ఒంటిదారి నియమాన్ని ఆధారంగా పెట్టుకుంటే ఏ వస్తువును ఎలా చూడాలో సులువుగా తేలుతుంది. పంపు ఉన్న ఫౌండేషన్ సీసా అన్నిటికంటే మేలు. నొక్కితే బయటికి వస్తుంది గాని వెనక్కి పోదు. పంపు మూతిని టిష్యూతో తుడిచి, మొదటి చుక్కను పారేసి, రెండో చుక్కను కొత్త ఇయర్‌బడ్ మీద తీసుకోవాలి. వెడల్పు మూతి డబ్బాల్లోని క్రీములను వేలితో తీయకూడదు. శుభ్రం చేసిన స్టీలు స్పాచులాతో కాస్త తీసి పళ్లెం మీదో, పేపరు మీదో పెట్టుకుని అక్కడి నుంచి రాసుకోవాలి. వృత్తిగా మేకప్ చేసేవారు పాటించే పద్ధతి ఇదే. ఒకసారి చర్మాన్ని తాకిన బ్రష్‌ను వారు మళ్లీ డబ్బాలో ముంచరు. పెళ్లికూతురి మేకప్ ట్రయల్‌కు వెళ్లినవారు ఆర్టిస్టు పళ్లెం వాడుతున్నారో, నేరుగా డబ్బాలో ముంచుతున్నారో గమనిస్తే ఆ మనిషి వృత్తినిష్ఠ అర్థమవుతుంది.

లిప్‌స్టిక్‌ను పరీక్షించాలంటే పైపొరను టిష్యూతో తుడిచి, ఆల్కహాల్ చల్లి ఆరనిచ్చి, మళ్లీ తుడిచి, కొత్త పుల్లతో పక్క నుంచి కొద్దిగా గీకి తీసుకోవాలి. దాన్ని పెదవికి కాక వేలి కొసకు రాసి చూడవచ్చు. వేలి కొస రంగు చేతి వెనుక చర్మం కంటే పెదవి రంగుకు దగ్గరగా ఉంటుంది. పెన్సిల్ కాజల్‌ను, లైనర్‌ను ముందు చెక్కాలి. పాతపొర రాలిపోయి కొత్త కొస వస్తుంది. చెక్కే షార్ప్‌నర్ కూడా శుభ్రంగా ఉండాలి. ఆ కొసను చేతి మీద గీసి చూడాలే గాని కంట్లో పెట్టకూడదు. కాంపాక్ట్, ఐషాడో పొడుల పైపొరను గీకి పారేసి కొత్త పుల్లతో అద్దుకోవచ్చు. మూతకే పుల్ల ఉండే లిప్ గ్లాస్, మస్కారా, లిక్విడ్ లైనర్ పూర్తిగా వేరే తరగతి. వాటి నిర్మాణమే వెనక్కి ముంచడం మీద ఆధారపడింది. గొట్టం లోపలికి ఏ శానిటైజరూ చేరదు. దుకాణం వారు అసలు పుల్లను తీసేసి, వాడి పారేసే పుల్లలు మాత్రమే ఇస్తే, ఒక్కొక్కరు ఒక్కసారి మాత్రమే ముంచితే కొంత నయం. ముందు వచ్చినవారు ఆ నియమం పాటించారన్న హామీ లేదు కాబట్టి మస్కారాను దుకాణంలో కంటికి పెట్టుకుని చూడకపోవడమే సరైన నిర్ణయం. 2008లో కొరియాలో మొదలై అంతటా వ్యాపించిన కుషన్ కాంపాక్టులది కూడా ఇదే దోషం. తడి స్పాంజిని పఫ్‌తో నొక్కడం, ఆ పఫ్ ముఖాన్ని తాకి తిరిగి స్పాంజి మీదకే రావడం వాటి తీరు.

అన్నిటికీ ఒకేలా భయపడనక్కరలేదు. గోళ్ల రంగులోని ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ వంటి ద్రావకాల్లో బాక్టీరియా బతకడం కష్టం. పైగా ప్లాస్టిక్ గోళ్ల మీద వేసి చూపితే రంగు తెలిసిపోతుంది. సెంటులో ఆల్కహాలే ఎక్కువ. కాగితపు ముక్క మీద చల్లి వాసన చూస్తే సరిపోతుంది. ఇలా ప్రమాదం ఎక్కడ ఎక్కువో, ఎక్కడ తక్కువో తెలిస్తే జాగ్రత్తను కంటికి, పెదవికి దాచిపెట్టుకోవచ్చు.

శానిటైజర్ ఎంతవరకు

2020లో కోవిడ్ వచ్చినప్పుడు పెద్ద దుకాణాలు టెస్టర్లను తాత్కాలికంగా ఆపేశాయి. మళ్లీ తెరిచాక ఆల్కహాల్ స్ప్రే సీసా కౌంటర్ మీదకు వచ్చి కూర్చుంది. అది మేలే గాని దాని హద్దులు తెలియాలి. సుమారు 70 శాతం ఆల్కహాల్, మిగతా నీరు ఉన్న మిశ్రమం క్రిముల మాంసకృత్తులను బాగా చెడగొడుతుంది. స్వచ్ఛమైన ఆల్కహాల్ అంత బాగా పనిచేయదు, త్వరగా ఆవిరైపోతుంది కూడా. చల్లిన వెంటనే తుడిచేస్తే ప్రయోజనం తక్కువ. అర నిమిషమైనా తడిగా ఉండి తనంతట తానే ఆరాలి. హెర్పిస్ వంటి కొవ్వు పొర ఉన్న వైరస్‌లు ఆల్కహాల్‌కు సులువుగా లొంగుతాయి. ఆ పొర లేని అడినోవైరస్ అంత తొందరగా లొంగదు. అన్నిటికంటే ముఖ్యంగా ఆల్కహాల్ పైపొరను మాత్రమే శుభ్రం చేస్తుంది, లోపలికి ఇంకదు. అందుకే అది ఒంటిదారి నియమానికి తోడుగా ఉండగలదు గాని దానికి బదులుగా నిలబడలేదు. కొత్త పుల్ల లేకుండా స్ప్రే మాత్రమే పెట్టిన కౌంటర్ సగం పనే చేసినట్టు.

రంగు చూసే చోటు, వెలుగు

శుభ్రంగా చూడటం, సరిగ్గా చూడటం ఒకదానికొకటి అడ్డం కావు. చాలాసార్లు రెండూ కలిసే నడుస్తాయి. ముందుగా చేతులు కడుక్కోవాలి. ఫౌండేషన్‌ను దవడ అంచున, మెడకు దగ్గరగా సన్నని గీతలా రాసి చూస్తే ముఖానికి, మెడకు మధ్య తేడా తెలుస్తుంది. ఒక్కో షేడ్‌కు ఒక్కో కొత్త పుల్ల తీసుకోవాలి. దుకాణం దీపాల కింద కుదిరినట్టున్న రంగు పగటి వెలుగులో పాలిపోయి కనిపించవచ్చు. కొన్ని ఫౌండేషన్లు రాసిన పావుగంట, అరగంటకు ముదురుతాయి. అందుకే గీత అలాగే ఉంచుకుని బయటికి వచ్చి, కాసేపాగి అద్దంలో చూసుకోవడం మంచిది. రెండు మూడు షేడ్లు ముందే ఎంచుకుని వాటిని మాత్రమే చూస్తే టెస్టర్లను తాకే సార్లూ తగ్గుతాయి, నిర్ణయమూ తేలికవుతుంది. ఇంటికి వెళ్లేదాకా చేతి గీతలను కళ్లకు, నోటికి తగలనివ్వకుండా చూసి, తర్వాత సబ్బుతో కడిగేయాలి.

ఇంటికి తెచ్చుకునే చిన్న ప్యాకెట్లు

ఒంటిదారి నియమానికి అసలు సిసలు రూపం ఒక్కరికే చెందిన చిన్న ప్యాకెట్. ఎస్టే లాడర్ 1946లో మొదలుపెట్టిన సంస్థ ఉచిత నమూనాలతోనే ఎదిగింది. 2010లో అమెరికాలో బర్చ్‌బాక్స్ నెలనెలా చిన్న నమూనాల పెట్టె పంపే వ్యాపారం ప్రారంభించింది. చిన్న ప్యాకెట్ విద్యను మనకు బయటివారు నేర్పనక్కరలేదు. తమిళనాడులోని కడలూరులో చిన్ని కృష్ణన్ వేసిన సాషే బాటలో ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో నడిచి దక్షిణాది పల్లెల దాకా వెళ్లారు. కిరాణా కొట్టు ముందు దండలుగా వేలాడే ఆ సాషేలు పెద్ద సీసా కొనలేనివారికి వస్తువును అందించడంతోపాటు, నచ్చుతుందో లేదో చూసుకునే అవకాశమూ ఇచ్చాయి. షాంపూకు కుదిరిన పద్ధతి ఫౌండేషన్‌కు, లిప్‌స్టిక్‌కు కుదరకపోవడానికి సాంకేతిక కారణమేమీ లేదు. ప్లాస్టిక్ చెత్త సమస్య ఉన్నమాట నిజం. కాగితపు కార్డు మీద పలచగా అద్దిన లిప్‌స్టిక్, ఫౌండేషన్ నమూనాలు దానికి ఒక జవాబు.

చిన్న ప్యాకెట్ ఇంకో పని కూడా చేస్తుంది. కౌంటర్ దగ్గర ఐదు నిమిషాల్లో అలర్జీ బయటపడదు. పరిమళ ద్రవ్యాలు, సంరక్షకాలు పడనివారికి దద్దుర్లు ఒకటి రెండు రోజుల తర్వాతే వస్తాయి. మోచేతి లోపలి వంపులో రూపాయి బిళ్ల అంత మేర రోజుకు రెండుసార్లు చొప్పున వారం పది రోజులు రాసి చూడమని చర్మవైద్యులు చెబుతారు. ఎరుపు, దురద, వాపు కనిపించకపోతే ముఖానికి వాడవచ్చు. దుకాణం టెస్టర్ ఎంత శుభ్రంగా ఉన్నా ఈ పరీక్షకు పనికిరాదు.

తెర మీద పరీక్ష

ఫోన్ కెమెరాలో ముఖం చూసుకుంటూ రంగులు మార్చుకునే పద్ధతి 2014లో లోరియల్ తెచ్చిన మేకప్ జీనియస్ యాప్‌తో జనంలోకి వెళ్లింది. 2018లో ఆ సంస్థ టొరంటోకు చెందిన మోడిఫేస్‌ను కొనేసింది. శుభ్రత లెక్కన చూస్తే దీనికి సాటి లేదు, ఎందుకంటే ఎవరూ దేన్నీ తాకరు. ముదురు ఎరుపా, గోధుమ రంగా అన్న తొలి వడపోతకు ఇది బాగా పనికొస్తుంది. కానీ కెమెరా, తెర, గది దీపం మూడూ రంగును తలా కాస్త మార్చేస్తాయి. పెదవి ఎండిపోతుందా, జిడ్డుగా ఉంటుందా, వాసన పడుతుందా అన్నది తెర తేల్చలేదు. ముఖపు కొలతలు ఎవరి దగ్గర ఎంతకాలం ఉంటాయన్న గోప్యతా ప్రశ్న కూడా ఉంది. అందుచేత తెర మీద ఇరవై షేడ్లను రెండుకు తగ్గించి, ఆ రెంటినే కొత్త పుల్లతో రాసి చూడటం అన్నివిధాలా తెలివైన పద్ధతి.

ఆక్షేపణలు, సమాధానాలు

టెస్టర్ల వల్ల నిజంగా జబ్బుపడినవారి దాఖలాలు చాలా తక్కువ కదా, ఇంత హడావుడి ఎందుకన్నది మొదటి ఆక్షేపణ. ఇందులో నిజముంది. క్రిమి కనిపించినంత మాత్రాన రోగం రాదు, ఆరోగ్యవంతుల చర్మం చాలావాటిని తట్టుకుంటుంది. అయితే దాఖలాలు తక్కువగా ఉండటానికి ఒక కారణం మూలాన్ని పట్టుకోవడం కష్టం కావడం. మూడు రోజుల తర్వాత కన్ను ఎర్రబడితే దుకాణంలో గీసుకున్న కాజల్ ఎవరికి గుర్తొస్తుంది? ప్రమాదం చిన్నదే అయినా నష్టం కంటిచూపు దాకా పోగలదు. నివారణ ఖర్చు ఒక ఇయర్‌బడ్. మధుమేహం ఉన్నవారు, కాంటాక్ట్ లెన్సులు వాడేవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు కూడా అదే కౌంటర్‌కు వస్తారు. అందరికీ సరిపడే నియమాన్ని వారిని దృష్టిలో పెట్టుకునే రాయాలి.

ఇంత ప్రమాదమైతే టెస్టర్లనే తీసేయవచ్చు కదా అన్నది రెండో ఆక్షేపణ. తీసేస్తే నష్టపోయేది ముఖ్యంగా చామనఛాయ, నల్లని మేనిఛాయ గలవారు. చాలాకాలం వారి రంగులు తగినన్ని తయారు కాలేదు. 2017లో ఫెంటీ బ్యూటీ 40 షేడ్లతో వచ్చాక మిగతా సంస్థలూ షేడ్లు పెంచక తప్పలేదు. షేడ్లు పెరిగేకొద్దీ పక్కపక్కనున్న రెంటి మధ్య తేడా సన్నబడుతుంది, రాసి చూడవలసిన అవసరం పెరుగుతుంది. చూడకుండా కొని, నప్పక, ఇంట్లో ఇంకొకరికి ఇచ్చేసిన లిప్‌స్టిక్ కూడా ఎంగిలి లిప్‌స్టికే. టెస్టర్‌ను రద్దు చేస్తే వస్తువు పంచుకోవడం ఆగదు, దుకాణం నుంచి ఇంటికి మారుతుంది.

వాడి పారేసే పుల్లలతో చెత్త పెరుగుతుందన్నది మూడోది, చిన్న కొట్టుకు ఖర్చు భరించలేనిదన్నది నాలుగోది. రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది. స్టీలు స్పాచులాను ఆల్కహాల్‌తో తుడిచి ఎన్నేళ్లైనా వాడవచ్చు. చర్మానికి అద్దే కొసకు కాగితపు కాడ ఉన్న ఇయర్‌బడ్ చాలు, ప్లాస్టిక్ అక్కరలేదు. పుల్లల డబ్బా ఖరీదు ఒక లిప్‌స్టిక్ ధర కంటే చాలా తక్కువ. రంగు కుదరక పారేసే సీసాలు, ఎవరూ తాకడానికి ఇష్టపడక మూలపడిన టెస్టర్లు అంతకంటే పెద్ద చెత్త, అంతకంటే పెద్ద ఖర్చు.

బాధ్యత ఎవరిది

భారతదేశంలో సౌందర్య సాధనాలను 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, దాని కింద వచ్చిన 2020 నాటి సౌందర్య సాధనాల నియమాలు నియంత్రిస్తున్నాయి. వీటి దృష్టి ప్రధానంగా తయారీ, దిగుమతి, లేబుల్ మీద ఉంటుంది. సూక్ష్మజీవుల పరీక్షకు భారతీయ ప్రమాణం ఐఎస్ 14648 ఉంది. ఇవన్నీ ఫ్యాక్టరీ గుమ్మం దాటే వస్తువు బాగుండేలా చూస్తాయి. కౌంటర్ మీద మూత తెరిచాక దాని గతి పూర్తిగా దుకాణం చేతిలో ఉంటుంది. ప్రాణానికి, ఆస్తికి హాని చేసే వస్తువుల నుంచి రక్షణ పొందడం వినియోగదారుల హక్కని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. టెస్టర్‌ను ఆ హక్కు వెలుగులో చూస్తే దుకాణం చేయవలసిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. ప్రతి టెస్టర్ మీద తెరిచిన తేదీ రాయాలి. తెరిచాక ఎన్ని నెలలు వాడవచ్చో తెలిపే తెరిచిన డబ్బా గుర్తును బట్టి, రద్దీ ఎక్కువైతే అంతకంటే ముందే, దాన్ని మార్చాలి. కొత్త పుల్లలు, స్పాచులా, ఆల్కహాల్, టిష్యూ, చెత్తబుట్ట చేతికందే చోట ఉంచాలి. మస్కారా, లిప్ గ్లాస్ టెస్టర్లకు మూతపుల్లలు తీసేయాలి. కౌంటర్ దగ్గర ఉన్నవారికి ఈ పద్ధతి నేర్పాలి.

కొనేవారి వంతు కూడా ఉంది. కొత్త పుల్ల అడగడం, లేదంటే రాసి చూడకుండా వచ్చేయడం, నేరుగా పెదవికో కంటికో రాయబోతే వద్దనడం, తమకు పెదవి పొక్కో కంటికలకో ఉన్నప్పుడు టెస్టర్ జోలికి పోకపోవడం వారు చేయగల పనులు. మొహమాటం వల్ల చాలామంది అడగరు. ఆ మొహమాటానికి మూల్యం చెల్లించేది మాత్రం తర్వాత వచ్చి అదే పుల్లను కంటికి పెట్టుకునే మనిషి. పదిమంది అడిగితే పుల్లల డబ్బా కౌంటర్ మీదకు వస్తుంది, అప్పుడు అడగవలసిన అవసరమే ఉండదు. ఇంటి కాటుక పుల్ల విషయంలో ఒక తరం అలవాటు మార్చుకుంది. దుకాణం కౌంటర్ దగ్గర ఆ మార్పు తేవడం అంతకంటే తేలిక. దానికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు.